బల్ల

గుణుపురం ఆస్పత్రిలో నా గది చివరిది.
కిటికీ తెరిస్తే వంశధార కనబడదు గానీ
ఇసుక లారీల చప్పుడొస్తుంది.
పద్దెనిమిదేళ్లుగా ఒకే బల్ల ముందు కూర్చుని
పరాయి నెత్తురు చూస్తున్నాను.
రిజిస్టరు ఒడియాలో రాస్తాను,
లెక్క మాత్రం తెలుగులోనే పెడతాను
ఒకటి, రెండు, మూడు,
వంద గళ్లు దాటేదాకా.

ఆ రోజు ఇద్దరొచ్చారు.
ఇసాకు సబర, ఇరవై మూడేళ్లు.
తలుపు చెక్క మీద పడుకోబెట్టి కొండ దించారు.
వెనకే వాళ్ల పిన్ని సుంబారి,
నెత్తిమీద చీపుర్ల కట్టతో.
ఎలాగూ సంతకి దిగాలి కదా అని.

మూడేళ్లు కేరళలో ప్లైవుడ్ మిల్లు.
ఊరొచ్చి పన్నెండు రోజులు.
ఒణుకు మొదలైతే నాలుగు గోనెలు కప్పినా
మంచం కోళ్లు టకటకలాడాయట.
ఒళ్లు తనకు తానే పొయ్యి రాజేసుకుంటుందని,
ఆ సెగకి లోపలి పురుగు మందగిస్తుందని
బరంపురంలో చదువుకున్నాను.
పొయ్యి ఇంటికే అంటుకుంటే ఏం చెయ్యాలో
అది వేరే పాఠం.

వేలు గుచ్చాను. గాజుపలక. రంగు. నూనె చుక్క.
ఇసాకు నెత్తుట్లో ఉంగరాలు,
ఒక్కో కణంలో రెండేసి, మూడేసి,
ఎర్రరాయి పొదిగిన సన్నని ఉంగరాలు,
తాకట్టుకొట్టు సొరుగు లాగినట్టు.

పన్లో పనిగా సుంబారి వేలూ గుచ్చాను.
ఆమె నెత్తుట్లోనూ ఉన్నాయి.
తక్కువే. కానీ అవే.

"నాకేటి జొరం?
పొద్దున్న చోళ్లచేను కలుపు తీసే వచ్చాను గదా."

పుస్తకాలు దీన్ని యుద్ధమంటాయి.
కోట, సైన్యం, శత్రువు.
నేను యుద్ధమెప్పుడూ చూడలేదు.
నాకు కనబడేది ఇంటిపని.
ఎడమ డొక్క కింద ప్లీహం,
మా అమ్మ దాన్నీ బల్లే అనేది,
చేటలా నెత్తురు చెరుగుతూ ఉంటుంది,
తాలు పక్కకి తోస్తూ ఉంటుంది,
చెరిగి చెరిగి తనే ఉబ్బిపోతుంది.
సుంబారి కడుపు తడిమి చూశాను.
బొడ్డుదాకా ఉంది, సానరాయిలా.

తట్టు ఒక్కసారి వచ్చిపోతే
ఒళ్లు దాని మొహం చచ్చేదాకా మరిచిపోదు.
ఈ జొరం అలాటిది కాదు,
ఏటేటా వేషం మారుస్తుంది,
ఏటేటా ఎదురుపడితేనే గుర్తు.
మూడేళ్లు కొండ వదిలితే చాలు,
ఇసాకు ఒంటికి ఆనవాలు చెరిగిపోయింది.
మా పెద్దమ్మాయి ఒడియా బడికి వెళ్తుంది,
తెలుగులో ఇరవై దాటి లెక్కపెట్టలేదు.
ఎందుకో అది గుర్తొచ్చింది.

అలాగని సుంబారిది వరమని రాయలేను.
రిజిస్టరులో ఆ గడి లేదు, అయినా అడిగాను,
పిల్లలెందరని.
"ఆర్గురు."
ఉన్నవాళ్లు?
రెండు వేళ్లు చూపింది,
దూది నొక్కిపెట్టుకున్న వేలు కాకుండా.

మళ్లీ ఇసాకు పలక పెట్టాను.
అంచున ఒక తెల్లకణం దొరికింది.
ఉంగరాలు తిని వదిలేసిన నల్లపొడి
కడుపునిండా మింగేసి,
అరిగించుకోలేక, కక్కలేక
అలాగే నిలబడిపోయింది.
చాలాసేపు దాన్నే చూశాను.
అవతల నర్సు పిలుస్తోంది.

అతనికి నరంలోకి మందెక్కించారు.
ఆమెకి మూడురోజుల మాత్రలు.
అక్కర్లేదంటూనే కొంగుకి ముడేసుకుంది.

ఐదోనాడు ఇసాకు అంబలి అడిగాడు.
సుంబారి నా గది గుమ్మంలోకొచ్చింది.
"రోజంతా అందులో ఏటి సూస్తావమ్మా?"
స్టూలు జరిపాను.
ఒక కన్ను చేత్తో మూసి వంగింది.
"చోళ్లు చల్లినట్టుంది."
కాసేపాగి,
"కలుపేది?"

మర తిప్పి వెతికాను.
ఆ గడిలో లేదు. పక్క గడిలోనూ.
లేదన్నాను.
"లేనప్పుడు సూడ్డం దేనికి" అని నవ్వి,
అమ్ముడుపోని చీపురొకటి బల్ల మీద పెట్టి
వెళ్లిపోయింది.

వంద గళ్లు పూర్తికావాలి.
అరవై రెండు.
అరవై మూడు.